1984 చేతక్: ఏ పని ముందు, ఏ మార్పు వద్దు?

కిక్‌రాడ్_బెజవాడ

అందరికీ నమస్తే. 1984 బజాజ్ చేతక్, టూ స్ట్రోక్, పాయింట్ల మోడల్ (తెరుచుకుని మూసుకునే పాయింట్లతో స్పార్క్ ఇచ్చే పాత పద్ధతి). ఆర్‌సీ నాన్నగారి పేరు మీదే ఉంది, ఆయన ఇప్పుడు లేరు. బండి కదిలి ఎనిమిదేళ్లు దాటింది. ఇంజిన్ జామ్ కాలేదు, కిక్ కొడితే తిరుగుతోంది గానీ బిగువు లేదు. బ్రేక్ పెడల్ పక్కన ఫుట్‌బోర్డు తుప్పు తిని వేలు దూరేంత కంత పడింది. డూమ్‌లు (వెనక రెండు పక్కలా ఉండే ఉబ్బెత్తు రేకులు) రెండూ ఉన్నాయి, కుడిది బాగా సొట్టపోయింది.

రోజూ తిరగడానికి కాదు. ఆదివారం పొద్దున్నే ఊరి బయటికి 60–70 కిలోమీటర్లు ధైర్యంగా వెళ్లి రాగలిగితే చాలు. చూడ్డానికి కూడా కాస్త ప్రత్యేకంగా ఉండాలి. రెండు రంగుల పెయింటు, క్రోమ్ గార్డులు, సీడీఐ (పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్), ముందు డిస్క్ బ్రేకు, ట్యూబ్‌లెస్ టైర్లు అనుకుంటున్నాను. ఒక షెడ్డులో "ముందు రంగు కొట్టించేద్దాం, ఇంజిన్ తర్వాత చూద్దాం" అన్నారు. అది సరైన పద్ధతేనా? ఈ మార్పుల్లో ఏవి పనికొస్తాయి, ఏవి అనవసరం?

పాతబండి_మేస్త్రి

రంగు ముందు అన్న షెడ్డుకి దండం పెట్టి వచ్చేయండి. ఇంజిన్ దింపి ఎక్కించేటప్పుడు, హ్యాండిల్లోంచి కేబుళ్లు లాగేటప్పుడు కొత్త రంగు గీతలు పడక మానదు. వరుస ఇదీ: కాగితాలు, ఇంజిన్, రేకు పని, రంగు లేకుండానే బండి మొత్తం బిగించి ఒక ట్రయల్, మళ్లీ విప్పి రంగు. రెండుసార్లు బిగించడం దండగ అనిపిస్తుంది గానీ, డూమ్ సరిగ్గా కూర్చోవట్లేదనో, కొత్త గార్డు రంధ్రాలు కలవట్లేదనో రంగు వేశాక తెలిస్తే అంతకు రెట్టింపు దండగ.

విప్పే ముందు ఒకసారి స్టార్ట్ చేసి చూడాలి. ఏది బాగుందో, ఏది పోయిందో అప్పుడే తెలుస్తుంది. ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో రెండు చెంచాల టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు ప్లగ్గు లేకుండానే ఓ ఇరవై కిక్కులు. పాత పెట్రోలు పూర్తిగా పారబోయండి, అది వార్నిష్ అయిపోయి ఉంటుంది. పాయింట్లు సన్నటి ఎమరీతో రుద్ది, మాగ్నెట్ (క్రాంకు కొసన తిరిగే అయస్కాంతపు చక్రం) కిటికీలోంచి చూస్తూ గ్యాప్ 0.4 మి.మీ. పెట్టండి. అవి పూర్తిగా తెరుచుకున్న స్థానంలోనే కొలవాలి. ప్లగ్గు గ్యాప్ 0.6. ప్లగ్గు పొట్టి మరదే కొనాలి, ఎన్‌జీకే అయితే బీ6హెచ్ఎస్ లేదా బీ7హెచ్ఎస్. పొడుగు మరది పెడితే పిస్టన్ తలకి తగులుతుంది.

కార్బురేటర్ తీశాక జెట్లలో సూది, తీగ దూర్చొద్దు, గాలితో ఊదాలి. తిరిగి బిగించేటప్పుడు రెండు బోల్టుల్నీ మార్చి మార్చి కొద్దికొద్దిగా తిప్పండి. బలం చూపిస్తే కార్బురేటర్ ఒళ్లే వంగుతుంది, స్లైడు ఇరుక్కుంటుంది, కింద గాలి లాగుతుంది. "ఎంత ట్యూన్ చేసినా ఐడిలింగ్ నిలబడట్లేదు" అని వచ్చే పాత చేతక్‌లలో చాలావాటి జబ్బు ఇదే.

స్టార్ట్ అయినా సరే, ఎనిమిదేళ్లు ఆగిన ఇంజిన్‌ని రెండుగా విప్పక తప్పదు. క్రాంకుకి (పిస్టన్ తిప్పే ఇరుసుకి) రెండు వైపులా ఉన్న ఆయిల్ సీళ్లు గట్టిపడిపోయి ఉంటాయి. మాగ్నెట్ వైపు సీలు బయటినుంచే మార్చవచ్చు. క్లచ్ వైపు సీలుకి మాత్రం కేసింగ్ విప్పాలి. విప్పినప్పుడు ఒకేసారి మార్చవలసినవి: రెండు క్రాంకు సీళ్లు, వెనక చక్రం ఇరుసు సీలు, క్రాంకు బేరింగులు రెండూ, గాస్కెట్ సెట్టు మొత్తం, క్లచ్ ప్లేట్లు, గేర్ క్రాస్. క్రాస్ అంటే గేర్లను ఒక్కొక్కటిగా పట్టే ప్లస్ గుర్తు ముక్క. దాని అంచులు పదునుగా ఉండాలి. గుండ్రంగా అరిగితే నడుస్తూ నడుస్తూ గేరు జారిపోతుంది. చిన్న ముక్కే, కానీ దానికోసం మళ్లీ ఇంజిన్ మొత్తం విప్పాలి. కాబట్టి బాగానే కనిపించినా మార్చేయండి.

కనెక్టింగ్ రాడ్డుని పట్టుకుని పైకీ కిందికీ కదపండి. ఆ దిశలో ఆట ఏమాత్రం ఉండకూడదు. పక్కలకి కొద్దిగా ఊగితే ఫరవాలేదు.

ఇంకోటి చాలామంది మెకానిక్‌లు పట్టించుకోరు. ఆ తరం చేతక్‌లో పెట్రోలు గాలి మిశ్రమాన్ని లోపలికి వదిలేదీ ఆపేదీ తిరిగే క్రాంకు చక్రమే. కేసింగ్‌లో ఒక నున్నటి పలక ఉంటుంది, క్రాంకు దానికి వెంట్రుకవాసి దూరంలో తిరుగుతుంది. ఆ పలక మీద లోతు గీతలు పడితే మిశ్రమం కార్బురేటర్‌లోకి వెనక్కి తన్నుతుంది. స్టార్టింగు మొండికేస్తుంది, ఎయిర్ ఫిల్టర్ ఎప్పుడూ తడిగా ఉంటుంది. దాన్ని ఎమరీతో నున్నగా చేయబోతే ఖాళీ ఇంకా పెరుగుతుంది. చెయ్యి పెట్టనివ్వద్దు.

బోరింగ్ విషయం. చేతక్ బోరు 57, స్ట్రోకు 57, మొత్తం 145.45 సీసీ. ముందు పిస్టన్ కొనండి, ఆ పిస్టన్‌ని లేత్ షాపులో ఇచ్చి దాని కొలతకే బోరు తీయించండి. "0.50 ఓవర్‌సైజు తీసి పెట్టండి, పిస్టన్ తర్వాత తెస్తా" అంటే కుదరదు, కంపెనీ కంపెనీకి తేడా ఉంటుంది. బోరు తీశాక పోర్టుల (సిలిండర్ గోడలోని కిటికీల్లాంటి రంధ్రాల) అంచులు పదునుగా మిగులుతాయి, వాటిని సన్నగా చెక్కించాలి. చెక్కకపోతే రింగు అంచు వెళ్లి పోర్టులో తగులుకుంటుంది, రింగు విరుగుతుంది, కొత్త బోరు గీసుకుపోతుంది. రింగుని ఒంటరిగా సిలిండర్‌లో దూర్చి, పిస్టన్‌తో తిన్నగా లోపలికి నెట్టి, కొసల మధ్య ఫీలర్ గేజితో చూడండి. 0.2 నుంచి 0.35 మి.మీ. మధ్య ఉంటే సరి. పిస్టన్ మీది బాణం ఎగ్జాస్ట్ వైపుకే. హెడ్డు నట్లు ఎదురెదురుగా, మూడు విడతల్లో, 1.3 నుంచి 1.8 కేజీ-మీటరు. అంతకు మించి బిగిస్తే స్టడ్డు మరతో సహా కేసింగ్‌లోంచి ఊడొస్తుంది.

గేర్ బాక్సులో ఎస్ఏఈ 30 ఆయిల్, సుమారు 250 మి.లీ. బండిని నిటారుగా నిలబెట్టి పోసే రంధ్రంలోంచి కారడం మొదలయ్యేదాకా పోయాలి. కారులో పోసే మల్టీగ్రేడ్ ఆయిల్ మిగిలింది కదా అని పోస్తే క్లచ్ జారుతుంది, ఎందుకంటే క్లచ్ ప్లేట్లు అదే నూనెలో మునిగి ఉంటాయి. కొత్త కార్క్ ప్లేట్లను బిగించే ముందు రాత్రంతా ఆ నూనెలో నాననివ్వండి.

రేకుపని

మేస్త్రి గారు ఇంజిన్ గురించి చెప్పాల్సింది చెప్పేశారు. నేను ఒంటి సంగతి చెప్తాను.

చేతక్‌కి మోటార్‌సైకిల్‌లా విడిగా పైపు ఛాసిస్ ఉండదు. మీరు చూసే రేకే ఛాసిస్. ఫుట్‌బోర్డులో కంత అంటే అందం సమస్య కాదు, బలం సమస్య. కాబట్టి పైన ఒక రేకు అతికించి లప్పం పూసేస్తానంటే ఒప్పుకోవద్దు. అల్యూమినియం బీడింగు పట్టీలు అన్నీ ఊడదీసి చూడండి. తుప్పు మొదలయ్యేది వాటి కిందే, ఎందుకంటే నీళ్లు అక్కడ నిలుస్తాయి. తర్వాత బండిని పక్కకి పడుకోబెట్టి ఫుట్‌బోర్డు అడుగున అడ్డంగా పోయే పట్టీని సుత్తితో మెల్లగా కొట్టండి. ఖంగుమంటే బాగుంది. డొక్కుగా మోగి పొట్టు రాలితే అడుగు కూడా పోయినట్టే.

కోయడం తప్పనిసరి అయితే తుప్పు ఎక్కడ ఆగిందో అక్కడికి ఓ అంగుళం అవతలి దాకా కోసి, అదే మందం రేకుతో మిగ్ వెల్డింగ్ చేయించాలి. గ్యాస్ వెల్డింగ్ వేడికి పల్చటి రేకు అలలు తేలుతుంది. పెద్ద ముక్క కోసేటట్టయితే కోతకి ముందే హ్యాండిల్ గొట్టం నుంచి వెనక ఇంజిన్ బోల్టు దాకా కొలత రాసి పెట్టుకుని, ఆ రెండు చోట్లనీ యాంగిల్‌తో కట్టి ఉంచండి. లేకపోతే వెల్డింగ్ చల్లారేసరికి బండి ఒక పక్కకి లాగుతుంది. చేతక్‌కి ఇంజిన్ కుడి పక్క ఉంది కాబట్టి బండి కొద్దిగా కుడికి లాగడం మామూలే, ఆ నెపం మీద ఛాసిస్ వంకర బయటపడకుండా పోతుంది.

పాత రంగు పూర్తిగా తీయించండి. శాండ్ బ్లాస్టింగ్ ఫుట్‌బోర్డుకి, లోపలి మూలలకి మంచిదే. డూమ్‌లకి, లెగ్ షీల్డుకి మాత్రం కెమికల్ స్ట్రిప్పర్ వాడమనండి, ఒత్తిడి ఎక్కువైతే ఆ పెద్ద పల్చటి రేకులు ఉబ్బిపోతాయి. బ్లాస్టింగ్‌కి ఇచ్చే ముందు ఛాసిస్ నంబరు మీద మందపాటి టేపు రెండు పొరలు వేయండి, పెన్సిల్ ముద్ర తీసి ఇంట్లో ఉంచుకోండి. నంబరు అరిగిపోతే ఆ బండికి ఇక రోడ్డు యోగం లేదు.

బ్లాస్టింగ్ అయిన రోజే ఎపాక్సీ ప్రైమర్ పడాలి. మన కోస్తా తేమకి తెల్లారేసరికి రేకు ఎర్రబడిపోతుంది. రెడ్ ఆక్సైడ్ ఒక్కటే వేసి వదిలేస్తే అది తేమని పీలుస్తుంది, ఏడాదికే బుడగలు లేస్తాయి. లప్పం 2 మి.మీ. దాటకూడదు. సొట్ట అంతకన్నా లోతుంటే టింకరింగ్ చేసి పైకి తేవాలి, లప్పంతో పూడ్చకూడదు. మీ కుడి డూమ్ సంగతి అదే. పని అయ్యాక ఫ్రిజ్ మీది చిన్న మాగ్నెట్ పెట్టి చూడండి, జారిపోయిన చోట లప్పం గుట్ట ఉన్నట్టు.

పై రంగు రెండు భాగాలు కలిపి వేసే పీయూ (పాలియురెథేన్). రెండు రంగులు కావాలంటే ముందు లేత రంగు బండి మొత్తానికి, అది ఆరాక టేపు వేసి ముదురు రంగు. విడగొట్టే గీతని డూమ్ మీద ఉబ్బెత్తు అంచు వెంబడే పోనివ్వండి. మన ఇష్టం వచ్చినట్టు అడ్డంగా గీస్తే బస్సు సీటు కవర్లా ఉంటుంది. రంగంతా అయ్యాక ఛాసిస్ లోపలి బోలు భాగంలోకి, డూమ్‌ల మడతల్లోకి క్యావిటీ వ్యాక్స్ కొట్టించండి. అది దొరక్కపోతే పల్చటి ఇంజిన్ ఆయిల్ అయినా సరే. తుప్పు లోపలినుంచే తింటుంది.

ఒక్క మాట మర్చిపోయేవాణ్ణి. రంగు పూర్తయ్యాక హారన్ మోగలేదు, లైటు మినుకుమంటోంది అని వైరింగు మొత్తం మార్పించేస్తారు. వైర్లలో ఏ తప్పూ ఉండదు. ఎర్తింగ్ బోల్టు కింద రంగు చేరింది, అంతే. రెగ్యులేటర్, ఎర్త్ వైరు బిగించే చోట రంగు గీకి, ఉత్త రేకు కనిపించాక బిగించండి.

ఆర్‌సీ_బుక్కు

కాగితాలు ముందు అన్నారు గానీ ఎవరూ వివరం ఇవ్వలేదు. ఇది తేలకుండా రూపాయి కూడా ఖర్చు పెట్టకండి.

యజమాని చనిపోయినప్పుడు వారసుల పేరు మీదికి మార్చడానికి ఫారం 31. డెత్ సర్టిఫికెట్, వారసుల వివరం, మిగతా వారసుల అంగీకారం జతచేయాలి. సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ మొదటిసారి 15 ఏళ్లు, ఆ తర్వాత ఫారం 25 మీద ఐదేసి ఏళ్లకి రెన్యువల్. మధ్యలో ఎన్ని విడతలు తప్పాయో చూసుకోండి, ఆలస్య రుసుము, గ్రీన్ ట్యాక్స్ కలిసి వస్తాయి. మీది 1984 కాబట్టి పాత మూడక్షరాల నంబరు అయి ఉంటుంది, 1989 జులైలో కొత్త చట్టం అమల్లోకి రాకముందు సిరీస్ అది. అలాంటి బండ్లలో చాలావాటి వివరాలు కంప్యూటర్‌లో ఉండవు. ముందు మీ ఆర్టీఏ ఆఫీసులో పాత పుస్తకం ఆర్‌సీ చూపించి డేటా ఎక్కించుకోవాలి, అప్పుడే మిగతావన్నీ కదులుతాయి. ఇన్‌స్పెక్టర్ బండిని చూస్తారు కాబట్టి ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో కలవాలి. పాత ఇంజిన్ కేసింగ్ పగిలిందని తుక్కు కొట్టులోంచి వేరే కేసింగ్ తెస్తే నంబరు మారుతుంది. అది ఆర్‌సీలో రాయించకుండా నడిపితే దొంగ బండి కింద లెక్క.

ఇక మార్పులు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండి నిర్మాణం మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది. వెనక ఛాసిస్ కోసి పొట్టి చేయడం, ఫోర్కు పొడిగించడం, పెద్ద ఇంజిన్ దింపడం దీని కిందికే వస్తాయి. రంగు మారిస్తే ఆర్‌సీలో రంగు మార్పించుకోవాలి. రెండు రంగులైతే రెండూ రాయించండి.

వింటేజ్ రిజిస్ట్రేషన్ గురించి ఎవరైనా ఊరిస్తారేమో, ముందే చెప్తున్నా. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన అది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, అసలు రూపంలో ఉన్న బండ్లకే. కొత్త నంబరైతే మధ్యలో వీఏ అక్షరాలు వస్తాయి. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. రోజువారీ తిరగడానికి వీల్లేదు, ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, రిపేరు లాంటి వాటికే. మీ బండికి 2034 దాకా ఆ ప్రశ్నే లేదు. ఆదివారం రైడ్లకి మామూలు రెన్యువలే మేలు. కానీ 2034 మీద ఆశ ఉంటే ఊడదీసిన ప్రతి అసలు ముక్కనీ దాచుకోండి.

డూమ్‌లెస్

అందరూ భయపెట్టేస్తున్నారు పాపం. కిక్‌రాడ్ అన్నా, స్టైలు కోసం ఛాసిస్ కోయక్కర్లేదు.

స్కూటర్‌ని అలంకరించుకోవడం 1960ల బ్రిటన్‌లో మాడ్‌లనే ఫ్యాషన్ గుంపు కుర్రాళ్లు ముదరబెట్టిన సరదా. ఇటలీ వెస్పా, లాంబ్రెట్టాలకి ముందు గార్డు కట్టి దాని మీద అద్దాలు, దీపాలు వరసగా పేర్చేవాళ్లు. ఒంటి మీద సూటు, దాని మీద మిలిటరీ పార్కా కోటు. 1964లో బ్రైటన్ బీచ్‌లో రాకర్లనే మోటార్‌సైకిల్ గుంపుతో కొట్లాటలకి పేపర్లకెక్కింది వీళ్లే. ఇప్పటికీ ఆగస్టు సెలవుల్లో ఐల్ ఆఫ్ వైట్‌కి అక్కడి స్కూటర్లు బారులు తీరి వెళ్తాయి. ఆ హంగులో గమనించాల్సింది ఒకటుంది. అన్నీ బోల్టుతో బిగించేవే, వద్దనుకుంటే గంటలో విప్పేయొచ్చు. చేతక్ కూడా వెస్పా స్ప్రింట్ ఒంటితో వచ్చిందే కాబట్టి ఆ గార్డులు, వెనక క్యారియర్, స్టెప్నీ కవరు, లెగ్ షీల్డు అంచుకి క్రోమ్ బీడింగు మన బండి మీదా నప్పుతాయి. ఒక గార్డు, రెండు అద్దాలు చాలు. పది అద్దాలు పెడితే హ్యాండిల్ బరువెక్కుతుంది, గుంతల్లో అవన్నీ గజగజలాడతాయి.

కొనేటప్పుడు లాంబ్రెట్టా సామాను వెస్పా సామాను అని అంటగడతారు, చూసుకోండి. లక్నో స్కూటర్స్ ఇండియా విజయ్ సూపర్, మన హైదరాబాద్ ఆల్విన్ పుష్పక్ లాంబ్రెట్టా వంశం. గొట్టం ఛాసిస్, వెనక చక్రానికి చైను. మన చేతక్‌కి చైను లేదు, పళ్ల చక్రాలే. అద్దాల్లాంటివి తప్ప ఒకదానివి ఇంకోదానికి పట్టవు.

నా ఓటు అయితే డూమ్‌లు రెండూ తీసేసి నడపడానికే. ఇంజిన్ బయటికి కనబడుతుంటే ఆ అందం వేరు. బరువూ తగ్గుతుంది. ముందు డిస్క్ కూడా పెట్టేయండి, 2020ల ట్రాఫిక్‌లో డ్రమ్ముతో ఎందుకు?

పాతబండి_మేస్త్రి

డూమ్‌లెస్ తమ్ముడూ, డూమ్ తీసేవాళ్లు దాంతోపాటు సిలిండర్ మీది రేకు టోపీ కూడా తీసేస్తున్నారు, ఫిన్నులు (సిలిండర్‌ని చల్లబరిచే రెక్కలు) కనబడాలని. మాగ్నెట్ రెక్కల గాలి ఆ టోపీలోంచే ఫిన్నుల మీదికి పోతుంది. అది లేకపోతే ఎండాకాలం మధ్యాహ్నం పది కిలోమీటర్లకే పిస్టన్ పట్టేస్తుంది. డూమ్ తీయాలంటే తీయండి, టోపీని మాత్రం వదలొద్దు. వర్షంలో ప్లగ్గు క్యాప్ తడుస్తుంది, దానికి రబ్బరు తొడుగు వేయండి.

డిస్క్ ఒప్పుకోను. హబ్ ఒక్కటి మారిస్తే సరిపోదు, ఫోర్కుతో సహా వేరే బండిది పెట్టాలి, హ్యాండిల్ మీద మాస్టర్ సిలిండర్‌కి చోటు కోయాలి. పైన ఆర్‌సీ గారు చెప్పిన సెక్షన్ కిందికి అది నేరుగా వస్తుంది. చేతక్ డ్రమ్ముని ఎవరూ సరిగ్గా చేయించరు గనకే పట్టదు. డ్రమ్ములు లేత్ మీద పెట్టి గుండ్రం తీయించండి. కొత్త షూలు వేసి వాటి ముందు అంచుని ఏటవాలుగా అరగదీయండి. క్యామ్ ఇరుసుని శుభ్రం చేసి గ్రీజు చుక్క పెట్టండి. కేబుల్ కొత్తది వేయండి. 50 కిలోమీటర్ల వేగానికి అది చాలు. ముందు బ్రేకు నొక్కితే ముక్కు పైకో కిందికో కదలడం ఆ ఫోర్కు స్వభావం, రిపేరు కాదు.

ట్యూబ్‌లెస్ కూడా అసలు రిమ్ముతో కుదరదు. రిమ్ము రెండు ముక్కలు, మధ్య అతుకులోంచి గాలి పోతుంది. ట్యూబ్ వేసి 3.50-10 టైరే వాడండి. గాలి ముందు 18, వెనక ఒక్కరైతే 25, ఇద్దరైతే 36 పీఎస్ఐ. పంక్చర్ వేసే కుర్రాడికి ముందే చెప్పండి: ట్యూబులో గాలి పూర్తిగా తీశాకే రిమ్ము ముక్కల్ని కలిపే నట్లు విప్పాలి. గాలి ఉండగా విప్పితే రిమ్ము ముక్క ఎగిరి మొహానికే తగులుతుంది.

సీడీఐ పెట్టుకోండి, అది మంచి మార్పు. ప్లేటు, మాగ్నెట్, సీడీఐ యూనిట్, రెగ్యులేటర్ ఒకే సెట్టుగా కొనండి. మాగ్నెట్ కొనే ముందు మీ క్రాంకు టేపరుకి సరిపోతుందో చూసుకోండి. అడ్డదిడ్డంగా కూర్చున్న మాగ్నెట్ తనని క్రాంకు మీద సరైన చోట నిలిపే హాఫ్ మూన్ కీని కోసేస్తుంది, కీ తెగితే టైమింగ్ పోతుంది. 6 వోల్టుల నుంచి 12కి మారితే బల్బులన్నీ, హారన్, ఇండికేటర్ ఫ్లాషర్ కూడా మారాలి. పాత పాయింట్ల ప్లేటుని, దాని మాగ్నెట్‌తో సహా, గుడ్డలో చుట్టి దాచుకోండి.

కిక్‌రాడ్_బెజవాడ

చాలా థాంక్స్ అండీ అందరికీ. ఫారం 31 వేశాను, ఆర్‌సీ పేరు మారింది. ఇంజిన్ ఆటోనగర్‌లో కట్టించాను. 0.50 ఓవర్‌సైజు పిస్టన్, సీళ్లు, బేరింగులు కొత్తవి, సీడీఐ సెట్టు. రంగు ఇంకా వేయలేదు, ట్రయల్‌లో ఉంది. రెండు సమస్యలు. ఒకటి, చల్లగా ఉన్నప్పుడు ఐడిలింగ్ బాగానే ఉంటుంది, వేడెక్కాక యాక్సిలరేటర్ వదిలినా రేసింగ్ దిగట్లేదు. రెండోది, సెకండ్ గేరు లోడు పడితే టక్కున న్యూట్రల్‌లోకి వస్తోంది. గేర్ క్రాస్ కొత్తదే. బంకులో పెట్రోలుకి ఎంత నూనె పోయాలి, 40 మి.లీ. పోయమంటున్నారు?

పాతబండి_మేస్త్రి

మొదటిది గాలి లీకు. ఇంజిన్ ఎక్కడో దొంగ గాలి పీలుస్తోంది, మిశ్రమం పల్చబడి వేగం పెరుగుతోంది. అలాగే నడిపితే కొత్త పిస్టన్ పట్టేస్తుంది, కనుక అది తేలేదాకా ట్రయల్ ఆపేయండి. ప్లగ్గు తీసి చూడండి. బిస్కట్ రంగులో ఉండాలి. తెల్లగా ఉంటే నా అనుమానం నిజం.

చౌక నుంచి ఖరీదు వైపు వెళ్లండి. ముందు యాక్సిలరేటర్ వైరు: హ్యాండిల్ అటూ ఇటూ తిప్పినప్పుడు రేసు మారితే వైరు పొట్టిగా ఉంది, అంతే. తర్వాత కార్బురేటర్ కింది గాస్కెట్, నేను మొదట చెప్పిన ఆ రెండు బోల్టుల బిగింపు. కార్బురేటర్ అడుగుని అద్దం ముక్క మీద పెట్టి చూడండి, ఊగితే వంగినట్టే. సన్నటి వాటర్ పేపర్‌ని అద్దం మీద పరిచి మెల్లగా రుద్ది చదును చేయవచ్చు. ఇవి రెండూ సరిగ్గా ఉంటే మాగ్నెట్ వైపు సీలు. కొత్తది అయినా కూర్చోబెట్టేటప్పుడు పెదవి మడత పడి ఉండొచ్చు, లేదా సుత్తితో పక్కకి దించి ఉండొచ్చు. మాగ్నెట్ లాగి చూస్తే ప్లేటు వెనక నూనె చెమ్మ కనబడుతుంది. క్లచ్ వైపు సీలు పోతే లక్షణాలు వేరు: తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది, గేర్ ఆయిల్ తగ్గుతుంది, తీసి వాసన చూస్తే పెట్రోలు కంపు.

సెకండ్ గేరుకి మళ్లీ ఇంజిన్ విప్పేయకండి. గేరు వైర్లు రెండున్నాయి, ఒకటి లాగుతుంటే ఇంకోటి వదలాలి. కొత్త వైర్లు మొదటి వంద కిలోమీటర్లలో సాగుతాయి. హ్యాండిల్ మీద 2 అంకె గుర్తుకి ఎదురుగా నిలిచినప్పుడు కింద సెలెక్టర్ కూడా తన గుంటలో పూర్తిగా పడిందో లేదో ఒకరు పైన తిప్పుతుంటే ఇంకొకరు కింద చూడాలి. వైర్లలో ఆట పోయేంతే బిగించండి, వీణ తీగలా లాగితే గేరు సగంలోనే ఆగుతుంది. వైర్లు సరిచేశాక కూడా జారితే అప్పుడు సెకండ్ గేరు చక్రం లోపలి గాట్లు చూడాలి. పాత క్రాస్ అరిగినన్నాళ్లూ ఆ గాట్ల అంచుల్ని కూడా తినేసి ఉంటుంది. కొత్త క్రాస్ ఒక్కటే వేస్తే గుండ్రటి గాట్లో నిలవదు.

నూనె: బండి పుస్తకంలో ఉన్న నిష్పత్తే. లీటరుకి 20 మి.లీ. అంటే 2 శాతం, 40 అంటే 4. మొదటి 500 కిలోమీటర్లు పుస్తకం చెప్పినదానికి లీటరుకి 10 మి.లీ. కలపండి, 40–45 వేగం దాటొద్దు, ఒకే వేగంలో సాగదీయొద్దు. ఆ తర్వాత తగ్గించేయండి. ఎక్కువ పోస్తే ఇంజిన్‌కి ఇంకా మంచిదనుకుంటారు. నూనె పెరిగిన మేర జెట్టులోంచి వెళ్లే పెట్రోలు తగ్గుతుంది, సైలెన్సర్ కార్బన్‌తో పూడుకుపోతుంది. టాంకులో ముందు నూనె, దాని మీద పెట్రోలు, తర్వాత బండిని ఊపండి. ఇప్పుడొచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకి పాత రబ్బరు పైపు, ఫ్లోట్ సూది కొన, పెట్రోల్ కాక్ రబ్బరు ఉబ్బుతాయి. ఇథనాల్ తట్టుకునే పైపు అడిగి వేయించండి. ఆ పెట్రోలుకి మిశ్రమం కొంచెం పల్చబడుతుంది కాబట్టి లీకు సంగతి తేలాక కూడా ప్లగ్గు తెల్లగానే ఉంటే మెయిన్ జెట్టు ఒక సైజు పెంచండి. ఆదివారం తిరిగొచ్చి మళ్లీ రెండు వారాలు తీయననుకుంటే, ఇంటికి చేరే కిలోమీటరు ముందే కాక్ మూసేయండి, కార్బురేటర్ ఖాళీ అయ్యి ఆగుతుంది.

రేకుపని

ట్రయల్లో ఉండగానే గార్డు, క్యారియర్, కొత్త అద్దాలు కూడా బిగించి చూసేయండి. రంగు మీద డ్రిల్లు పెట్టే పని మిగలకూడదు. ఒకవేళ కొత్త రంధ్రాలు పడితే వాటి అంచులకి కూడా ప్రైమర్ తగలాలని పెయింటర్‌కి చెప్పండి.